గ్రీన్ లైన్ మీద రెండు గ్రంథాలయాలు



దుబాయ్ కరామాలో ఉండేవాళ్ళకి మెట్రో గురించి నేను కొత్తగా చెప్పేదేముంటుంది! ఏడీసీబీ స్టేషన్లో ఎక్కుతాం, తర్వాతి స్టేషనే బర్‌జుమాన్. అక్కడ దిగి గ్రీన్ లైన్ మారతాం. మారాక ఒకవైపు వెళ్తే షరాఫ్ డీజీ, అల్ గుబైబా దాటి, క్రీకు నీళ్ళ కిందుగా అవతలి ఒడ్డున అల్ రాస్ చేరతాం. మనం అటు వెళ్ళేది సాధారణంగా బంగారం కొనడానికో, ఊరెళ్ళేముందు జీడిపప్పు, ఖర్జూరం కట్టించుకోవడానికో. ఆ బజార్లకి దగ్గర్లోనే దుబాయ్‌లోని ప్రభుత్వ గ్రంథాలయాలన్నిటిలోకీ పాతది ఉంది. అల్ రాస్ లైబ్రరీ. 1963లో పెట్టారు. అప్పటికి దుబాయ్‌లో చమురు పడలేదు. అది 1966 మాట. ఎమిరేట్లన్నీ కలిసి ఒక దేశం కావడానికి ఇంకా ఎనిమిదేళ్ళుంది. బజార్లో చెలామణి అయ్యేది కూడా దిర్హమ్ కాదు, మన రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసం ప్రత్యేకంగా వేసిన రూపాయి. చమురు డబ్బు చేతికి రాకముందే ఈ ఊరు లైబ్రరీ కట్టుకుందన్నమాట.

బర్‌జుమాన్ నుంచి రెండోవైపు రైలెక్కండి. ఊద్ మేథా, హెల్త్‌కేర్ సిటీ, అల్ జద్దాఫ్, ఆ తర్వాత ఆఖరి స్టేషన్ క్రీక్. దిగి కొంచెం నడిస్తే మహమ్మద్ బిన్ రాషిద్ లైబ్రరీ. 2022 జూన్‌లో తెరిచారు. ఏడంతస్తుల భవనం, నూరు కోట్ల దిర్హమ్‌ల ఖర్చు, అచ్చువీ డిజిటల్‌వీ కలిపి 11 లక్షలకి పైగా పుస్తకాలు. ఆ భవనాన్ని దూరంనుంచి చూస్తే తెరిచిపెట్టిన పుస్తకపీట. ఖురాన్ పెట్టుకుని చదివే రెహల్ ఆకారంలో కట్టారు దాన్ని. మన పాత ఇళ్ళలో భాగవతం పెట్టుకు చదివే వ్యాసపీఠం చూసినవాళ్ళకి వేరే వివరణ అక్కర్లేదు.

అరవై ఏళ్ళ తేడాతో కట్టిన ఈ రెండూ ఒకే రైలు దారి మీద ఉన్నాయి. మధ్యలో మనమున్నాం. మన పక్క పేట మన్‌ఖూల్ పేరుతో ఇంకో పబ్లిక్ లైబ్రరీ కూడా ఉంది. ఇంత దగ్గర్లో ఇన్ని లైబ్రరీలుండి, జూలై రాగానే మన ఇళ్ళలో పదమూడు నుంచి పదిహేడేళ్ళ పిల్లలు ఎక్కడుంటున్నారు? ఏసీ గదిలో, దుప్పటి కప్పుకుని, ఫోను పట్టుకుని. వాళ్ళని తిట్టడానికి నేనిక్కడ కూర్చోలేదు. వాళ్ళకి ఇంకెక్కడికైనా వెళ్ళే వీలు మనం కల్పించామా అని అడగడానికి కూర్చున్నాను.

ముందు క్యాలెండర్ సంగతి చూద్దాం. తప్పు ఎక్కువగా దాని దగ్గరే ఉంది.

ఈ దేశం చదువుని తేలిగ్గా తీసుకునే దేశం కాదు. 2016ని పఠన సంవత్సరంగా ప్రకటించుకుంది. అదే ఏడాది చదవడం మీద ఏకంగా ఒక చట్టం తెచ్చింది. ప్రభుత్వోద్యోగి ఆఫీసు వేళల్లో కొంతసేపు తన పనికి సంబంధించింది చదువుకోవచ్చని ఆ చట్టంలో ఉంది. షాపింగ్ మాల్స్‌లోని కాఫీ షాపులు చదువుకునేందుకు ఏదో ఒకటి అందుబాటులో ఉంచాలని ఉంది. ఏటా ఒక నెలని పఠన మాసంగా జరుపుతారు. ఏ నెల? మార్చి. మార్చిలో మన ఇండియన్ స్కూళ్ళలో ఏం జరుగుతుందో చెప్పాలా! ఊరంతా పుస్తకాల పండగ చేసుకుంటుంటే మన పిల్లలు వార్షిక పరీక్షలకి మోడల్ పేపర్లు చేస్తుంటారు. ఏప్రిల్‌లో కొత్త క్లాసు, కొత్త పుస్తకాలకి అట్టలు. షార్జాలో బాలల పఠనోత్సవం జరిగేది ఆ రోజుల్లోనే, ఏప్రిల్, మే ప్రాంతాల్లో. ఒక శనివారం వెళ్ళొస్తే గొప్ప.

పోనీ మన దగ్గర? ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు పెడతారు. కథలు చదివిస్తారు, చెప్పిస్తారు, బొమ్మలు వేయిస్తారు, చదరంగం ఆడిస్తారు. చక్కటి కార్యక్రమం. ఏప్రిల్ చివర్లో మొదలై జూన్ మొదటి వారానికి అయిపోతుంది. జూన్ 12 వచ్చిందంటే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులు తెరిచేస్తారు. మన పిల్లలకి ఇక్కడ సెలవులిచ్చేది ఎప్పుడు? జూలై, ఆగస్టు. మన కుర్రాడు విమానం దిగి అమ్మమ్మ ఇంటికి చేరేసరికి శిబిరం షామియానా విప్పేసి నెల దాటి ఉంటుంది.

అటు పండగా ఇటు పండగా కూడా మన పిల్లల సెలవులకి అందడం లేదు. ఎవరూ కావాలని చేసిందేమీ కాదు. రెండు దేశాల బడిగంటల మధ్య పెరిగే పిల్లలకి ఇలాంటివి తప్పవు. కానీ దీనర్థం ఏమిటంటే, జూలై ఆగస్టుల్లో మన పిల్లల చదువు సంగతి చూసేవాళ్ళు మనం తప్ప ఎవరూ లేరు.

ఇక వయసు సంగతి. చిన్నపిల్లల్ని గురించి ఎవరైనా ఆలోచిస్తారు. బ్రిటన్‌లో 1999 నుంచీ పబ్లిక్ లైబ్రరీలు సమ్మర్ రీడింగ్ ఛాలెంజ్ నడుపుతున్నాయి. సెలవుల్లో పుస్తకాలు చదివితే స్టిక్కర్లు, పతకాలు. పిల్లలు ఎగబడి చేరతారు. దాని వయసు నాలుగు నుంచి పదకొండు. మన సంగతీ అంతే. రేడియో ముందు కూర్చుని పిల్లల మాటెత్తాక న్యాపతి రాఘవరావు గారిని తలుచుకోకుండా ఉండలేను. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అంటే మన పెద్దవాళ్ళ కళ్ళు ఇప్పటికీ మెరుస్తాయి. ఆ దంపతులు 1945లో 'బాల' పత్రిక పెట్టారు. రెండేళ్ళకి 'చందమామ' వచ్చింది. రెండూ బంగారమే. కానీ పద్నాలుగేళ్ళ పిల్లకి చందమామ ఇస్తే, "నేనేం చిన్నపిల్లనా?" అంటుంది. పోనీ అని పెద్దల సెక్షన్‌కి పంపితే అక్కడ దాన్ని ఎవరూ పట్టించుకోరు. మన జిల్లా గ్రంథాలయాలు చూశారు కదా, హైదరాబాద్ చిక్కడపల్లిలో చూశారు కదా. గ్రూప్స్‌కీ, కానిస్టేబుల్ పరీక్షలకీ తయారయ్యే నిరుద్యోగ యువత తెల్లారకముందే వచ్చి కుర్చీ పట్టుకుంటారు. వాళ్ళ అవసరం వాళ్ళది, తప్పు పట్టను. ఆ కుర్చీల మధ్య తొమ్మిదో తరగతి పిల్ల ఎక్కడ కూర్చోవాలి?

అందుకే క్రీక్ స్టేషన్ దగ్గరి లైబ్రరీలో నాకు అన్నిటికంటే నచ్చింది రోబోలు కావు. అవీ ఉన్నాయి, నేలమాళిగ నుంచి పుస్తకాలు తెచ్చే యంత్రాలు కూడా ఉన్నాయి, మనవాళ్ళు వీడియోలు తీసి పెడుతుంటారు. నాకు నచ్చింది, పిల్లల లైబ్రరీ వేరుగా, యువతకి వేరుగా పెట్టడం. ఆ భవనంలో తొమ్మిది విడి విడి లైబ్రరీలున్నాయి. వ్యాపారానికొకటి, పత్రికలకొకటి, పటాలూ అట్లాసులకొకటి. కుర్రకారుకి కూడా ఒకటి కేటాయించారు. నువ్వు చిన్నపిల్లవి కావు, ఇంకా పెద్దవాడివీ కాలేదు, ఇదిగో ఇది నీ చోటు అని ఒక గది చెప్పడం చిన్న విషయం కాదండీ. ఇంట్లో మనం కూడా చెప్పలేకపోతున్న మాట అది.

మా బిల్డింగులో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఉంది. కిందటి వేసవి వాళ్ళు ఊరెళ్ళలేదు. జూలైలో నలుగురికి టికెట్లంటే ఎంతవుతుందో తెలిసిందే, చాలా ఇళ్ళలో ఏడాది విడిచి ఏడాదే ప్రయాణం. ఆ అమ్మాయి తనంతట తాను మెట్రోలో ఆ లైబ్రరీకి వెళ్ళి రావడం మొదలుపెట్టింది. ఒకరోజు లిఫ్టులో కనబడి, "అంకుల్, మా తాతయ్యవాళ్ళ ఊరు హైదరాబాద్ కంటే పెద్దదా?" అంది. తాతగారిది మచిలీపట్నం. ఏమిటమ్మా సంగతి అంటే, అట్లాసుల గదిలో ఏదో పాత పటం తిప్పుతుంటే బంగాళాఖాతం ఒడ్డున మసూలిపటం అని పేద్ద అక్షరాలతో కనబడిందట. హైదరాబాద్ కోసం వెతికితే లేనే లేదట. నాలుగు వందల ఏళ్ళ కిందట డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ వచ్చి దిగిన రేవు అది, అద్దకం బట్టలు పడవలకెక్కి ఈ పర్షియా తీరాలదాకా వచ్చేవి అని నాకు తెలిసినంత చెప్పాను. తొమ్మిదో అంతస్తు వచ్చింది, లిఫ్టు ఆగింది, ఆ పిల్ల దిగలేదు. తలుపు మూసుకోకుండా చెయ్యి అడ్డం పెట్టి, "ఇంకా?" అంది. నాకింకా ఎక్కువ తెలియదు. ఆ పిల్ల మాత్రం వారం తిరిగేసరికి గోల్కొండ వజ్రాల దగ్గరికి పోయింది, అక్కణ్ణుంచి ఓడల నిర్మాణానికి పోయింది.

ఏ టీచరు ఇచ్చిన లిస్టులో ఉంటుందండీ ఈ దారి? దేనికోసమో వెళ్ళి ఇంకేదో పట్టుకోవడం లైబ్రరీలోనే కుదురుతుంది. ఫోను మనం అంతకుముందు చూసినదాన్నే మళ్ళీ చూపిస్తుంది. అల్మరాకి ఆ తెలివి లేదు. పక్కన ఏది ఉంటే అది చూపిస్తుంది.

సెలవుల్లో లైబ్రరీ మేలు చేస్తుందనడానికి చదువుకున్నవాళ్ళ సాక్ష్యం కూడా ఉంది. అమెరికాలో బార్బరా హేన్స్ అనే సామాజిక శాస్త్రవేత్త అట్లాంటా నగరంలో ఆరు, ఏడు తరగతుల పిల్లల్ని పరిశీలించి 1978లో ఒక పుస్తకం రాశారు. సెలవుల్లో పిల్లలు చేసే పనుల్లో వాళ్ళ చదువుకి అన్నిటికంటే ఉపయోగపడింది చదవడమేనని ఆమె తేల్చారు. ఇందులో వింతేముంది అంటారేమో. ఇంకో మాట కూడా చెప్పారు. వేసవిలో పిల్లల బుద్ధి పెరగడానికి బడులతో సహా ఏ ప్రజాసంస్థ చేయనంత మేలు పబ్లిక్ లైబ్రరీ చేసిందట. అవి సమ్మర్ కోచింగ్ వాళ్ళు ప్రకటనల్లో వేసుకునే మాటలు కావు, అందుకని మనదాకా రాలేదు.

ఇప్పుడు తండ్రులతో నాలుగు మాటలు. తల్లులు ఏమీ అనుకోవద్దు, ఈ రోగం మగవాళ్ళలోనే ఎక్కువ చూశాను.

కరామాలో ఇవాళ నలభై అయిదు, యాభై ఏళ్ళున్న తెలుగువాళ్ళు కుర్రతనంలో ఏం చదివారు? నిజం చెప్పండి. ఊళ్ళో ప్రభుత్వ శాఖా గ్రంథాలయం ఉండేది, అక్కడ పేపర్లు చదివే పెద్దమనుషులుండేవాళ్ళు. మన అసలు లైబ్రరీ అద్దె పుస్తకాల షాపు. ఆరడుగుల బడ్డీ. మూడువైపులా చెక్క అరలు. పుస్తకాలు ఊడిపోకుండా పక్కనుంచి దబ్బనంతో పొడిచి దారంతో కుట్టేవాడు షాపతను. ఆ కుట్టు వల్ల లైను మొదట్లో అక్షరాలు లోపలికి పోయేవి, ఊహించుకుని చదువుకునేవాళ్ళం. అట్ట మీద గోధుమరంగు కాగితం, దాని మీద స్కెచ్ పెన్నుతో నంబరు. రోజుకింత అని అద్దె. ఒక్క రోజు అద్దెకి మూడు నవలలు తిప్పెయ్యడానికి ముగ్గురు స్నేహితులు కలిసి చందా వేసుకునేవాళ్ళు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు షాడో. వారపత్రికలో 'తులసిదళం' వస్తున్న రోజుల్లో రాత్రి పెరట్లోకి పోవడానికి భయపడిన తరం ఇంకా ఉంది. డిటెక్టివ్ నవల తెరిస్తే మొదటి పేజీలోనే, అంతకుముందు అద్దెకి తెచ్చుకున్న మహానుభావుడెవడో హంతకుడి పేరు పెన్సిల్‌తో రాసి ఉండేవాడు. అయినా చదివేవాళ్ళం!

సోషల్ పుస్తకంలో షాడోని దాచి చదివిన ఆ కుర్రాడే ఇవాళ తండ్రి అయ్యాడు. కూతురు జపాన్ బొమ్మల కథలు, అవేనండీ మాంగా, వెనక నుంచి ముందుకి తిప్పుతూ చదువుతుంటే, "ఆ చెత్తేమిటి? ఏదైనా మంచి పుస్తకం చదువు" అంటాడు. మంచి పుస్తకమంటే ఆయన ఉద్దేశం వ్యక్తిత్వ వికాసం. లేదా అబ్దుల్ కలాం గారి ఆత్మకథ. కలాం గారంటే నాకూ గౌరవమే. కానీ పదిహేనేళ్ళ పిల్ల తనకి తానుగా ఎంచుకున్న పుస్తకం లాక్కుని ఆ చేతిలో ఇంకోటి పెడితే, ఆ రెండోది ఎంత మంచిదైనా శిక్ష కిందే లెక్క.

దానియెల్ పెనాక్ అని ఫ్రెంచి రచయిత, బడిపంతులుగా చాలాకాలం పనిచేసినాయన, 1992లో రాసిన ఒక పుస్తకంలో చదువరికి పది హక్కులున్నాయంటాడు. అందులో మొట్టమొదటిది అసలు చదవకుండా ఉండే హక్కు. పేజీలు దాటెయ్యడం, మధ్యలో వదిలెయ్యడం, చదివిందే మళ్ళీ చదవడం, ఏదిపడితే అది చదవడం, ఇవన్నీ హక్కులేనట. మన ఇళ్ళలో మధ్యలో వదిలెయ్యడం నేరం. "డబ్బులు పోసి కొన్నాం, పూర్తి చెయ్యి." అందుకే అంటున్నాను, కొనకండి. లైబ్రరీకి పంపండి. అక్కడ పది తీసి ఎనిమిది పక్కన పెడితే ఎవరికీ ఒక్క దిర్హమ్ నష్టం లేదు.

లెక్కలు కూడా పెట్టకండి. ఈ వేసవిలో ఇరవై పుస్తకాలు, చదివినదానికి సారాంశం రాసి నాన్నకి చూపించాలి, ఇలాంటివి. చిన్నపిల్లలకి స్టిక్కర్లు పనిచేస్తాయి. పదిహేనేళ్ళవాడు స్టిక్కరు చూసి నవ్వుతాడు, సారాంశం ఎక్కడినుంచో దించేసి ఇస్తాడు. ఇప్పుడు దించిపెట్టే యంత్రాలు కూడా వచ్చాయి.

తెలుగు మాటో? అడుగుతారని నాకు తెలుసు. గల్ఫ్‌లో ఏ తెలుగు సభకి వెళ్ళినా చివరికి మాట ఇక్కడే ఆగుతుంది, పిల్లలకి తెలుగు రావడం లేదు అని.

మన పిల్లలకి ఇంగ్లీషు వచ్చు. బడిలో అరబిక్ తప్పనిసరి. చాలామంది రెండో భాషగా హిందీ చదువుతారు. అంటే పద్నాలుగేళ్ళకే మూడు లిపులు, అందులో ఒకటి కుడి నుంచి ఎడమకి. ఇన్ని మోసేవాడికి తెలుగు అక్షరాలు నేర్చుకోవడం పెద్ద బరువేమీ కాదు, తలుచుకుంటే ఒక్క సెలవుల్లో వస్తాయి. కానీ తలుచుకోవాలి. తలుచుకోవాలంటే ముందు రుచి తెలియాలి. అందుకని నా సలహా, వేసవిలో గుణింతాలు దిద్దించకండి. రాత్రి భోజనాలయ్యాక మీరు పైకి చదవండి, వాళ్ళు వింటారు. మన నాయనమ్మలు భారతం చదివి నేర్చుకోలేదు, అరుగు మీద ఎవరో చదువుతుంటే విని నేర్చుకున్నారు. వినడం తక్కువ చదువని రేడియోలో కూర్చుని నేనెలా అంటాను!

ఏం చదవాలి? మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిస్టర్ పార్వతీశం' తీయండి. మొగల్తూరు నుంచి బయల్దేరి ఇంగ్లండు వెళ్ళే కుర్రాడి కథ. రైల్లో, ఓడలో, హోటల్లో అతను పడే పాట్లు వందేళ్ళ కిందటివి. ఎయిర్‌పోర్టుల్లో పెరిగిన మన పిల్లలకి మనకంటే ఎక్కువ నవ్వొస్తుంది. మీరు చిత్తూరువైపు వాళ్ళయితే నామిని 'సినబ్బ కతలు', నెల్లూరువైపు అయితే ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు'. మీ యాసలో మీరు చదివితే పిల్లలు మీ వంక కొత్తగా చూస్తారు, ఈ మనిషి ఇలా కూడా మాట్లాడతాడా అని. సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాద్ నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వాళ్ళు పెద్దింటి అశోక్‌కుమార్ 'జిగిరి' చదవాలి. ఎలుగుబంటిని ఆడించి బతికే ఇమాం, ప్రభుత్వం ఇచ్చే భూమి కావాలంటే ఆ ఎలుగుని వదిలించుకోవాలి. కన్నకొడుకే వదిలించుకుందామంటాడు. చిన్న నవల, నాలుగు రాత్రుల్లో అయిపోతుంది. అయ్యాక ఇంట్లో తండ్రిది న్యాయమా కొడుకుది న్యాయమా అని గొడవ జరక్కపోతే నన్నడగండి. 'బుడుగు' చెప్పలేదేమంటారా, అది చెప్పక్కర్లేదు, దొరికితే వాళ్ళే బాపు బొమ్మలు చూసి లాక్కుంటారు.

ఈ పుస్తకాలకోసం దుబాయ్ లైబ్రరీలకి వెళ్ళమని నేను చెప్పను. ఇవి ఊరినుంచి రావాలి. ఇక్కడే మనకీ మలయాళీలకీ తేడా కనిపిస్తుంది. నవంబర్లో షార్జా పుస్తక ప్రదర్శనకి వెళ్ళి చూడండి, మలయాళం పుస్తకాల ముందు జనం, రచయితల సంతకాలకోసం బారులు. వాళ్ళకి జూన్ 19న పఠన దినం కూడా ఉంది, కేరళ గ్రంథాలయోద్యమానికి పెద్దదిక్కయిన పి.ఎన్. పణిక్కర్ గారి పేరు మీద. కుళ్ళుకోవడానికి చెప్పడం లేదు. మనకీ అంతటివాళ్ళున్నారు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో చిలకమర్తి వారి అధ్యక్షతన సభ చేసి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టుకున్న జాతి మనది. అయ్యంకి వెంకటరమణయ్య గారు దానికోసమే జీవితం ఇచ్చేశారు. పాతూరి నాగభూషణం గారి పూనికతో 1935లో పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలవలో పడవ మీద పుస్తకాలు తిప్పారు. ఒడ్డున ఊళ్ళవాళ్ళు పడవ కోసం ఎదురుచూసేవాళ్ళు. ఇక్కడ దిర్హమ్ ఇచ్చి, క్రీకు దాటించే అబ్రా ఎక్కినప్పుడల్లా నాకా పడవ గుర్తొస్తుంది. అబ్రా దిగితే అల్ రాస్ లైబ్రరీ కూడా దగ్గరే.

ఈసారి ఊరెళ్ళేవాళ్ళకి ఒక మాట. తిరుగు ప్రయాణంలో ముప్ఫై కిలోల్లో ఆవకాయ ఎంత, కందిపొడి ఎంత, అరిసెలెన్ని అని మీ లెక్క మీకుంటుంది. అందులో రెండు కిలోలు పుస్తకాలకి వదలండి. పిల్లలనే షాపుకి తీసుకెళ్ళి వాళ్ళ చేతే ఎంపిక చేయించండి. ఇంకోటి. జూలైలో అక్కడ బాబాయి పిల్లలూ అత్తయ్య పిల్లలూ పొద్దున్నే బడికి పోతారు, సాయంత్రందాకా మన పిల్లలకి తోచదు. ఊళ్ళో శాఖా గ్రంథాలయం ఉందేమో కనుక్కుని ఒకసారి తీసుకెళ్ళండి. వాసన, దుమ్ము, రెక్కలు చప్పుడు చేసే ఫ్యాను, అన్నీ చూడనివ్వండి. చీరాలవైపు వాళ్ళయితే వేటపాలెం వెళ్ళాలి. 1918లో మొదలైన సారస్వత నికేతనం. ఇప్పటి భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. ఆయన విరిగిన చేతికర్ర ఇంకా అక్కడ భద్రంగా ఉంది. గుట్టలుగా పాత పత్రికలున్నాయి. ఒక పల్లెటూరి కుర్రకారు మొదలుపెట్టిన పని అది అని మన కుర్రాళ్ళకి చెప్పండి. తెలుసుకోవాల్సింది కర్ర గురించి కంటే అదే.

ఇక్కడ ఉండిపోయే పిల్లల కోసం నాలుగు పనికొచ్చే సంగతులు చెప్పి ముగిస్తాను.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ చట్టమే ఉంది. ఆ వేళల్లో మీ పిల్లల్నీ రోడ్డు మీద నడిపించకండి. పొద్దున పదింటికల్లా లోపల ఉండేలా పంపితే సాయంత్రం చల్లబడ్డాక రావచ్చు. దుబాయ్‌లో ఏమీ కొనకుండా రోజంతా చల్లగా కూర్చోగలిగే చోట్లు ఎన్నున్నాయో లెక్కపెట్టి చూడండి. మాల్‌లో కూర్చుంటే కనీసం ఒక జ్యూసు కొనాలి. లైబ్రరీలో ఎవరూ అడగరు. ప్రవేశం ఉచితం. వేళలు, సెలవు దినాలు, ఏ వయసు పిల్లలతో పెద్దవాళ్ళు రావాలి అన్న నియమాలు మాత్రం వెళ్ళే ముందురోజు ఒకసారి చూసుకోండి. అవి మారుతుంటాయి, పాత శాఖల్లో మరమ్మతులూ జరుగుతుంటాయి.

మెట్రోకి విద్యార్థుల నోల్ కార్డు చేయించండి, చార్జీ సగం. ఎమిరేట్స్ ఐడీ జేబులో ఉండాలి. లోపల చలి ఎక్కువ, ఒక స్వెటర్ పెట్టండి. టిఫిన్ డబ్బా లోపల తెరవనివ్వరు, కడుపు నింపే పంపండి.

మొదటిసారి మీరు తోడు వెళ్ళండి. రెండోసారి బర్‌జుమాన్ దాకా వెళ్ళి ప్లాట్‌ఫాం చూపించి వెనక్కి రండి. మూడోసారి ఇద్దరు స్నేహితుల్ని జత చేసి వాళ్ళనే పంపండి. ఇంటికొచ్చాక "ఏం చదివావు, ఎన్ని పేజీలు?" అని అడక్కండి. "ఆకలేస్తోందా?" అని అడగండి. చెప్పాలనిపిస్తే మిగతాది వాళ్ళే చెప్తారు. చెప్పకపోతే ఇంకా మంచిది, ఏదో మనకి చెప్పకూడనంత ఇష్టమైన పుస్తకం దొరికి ఉంటుంది.